కోడింగ్ రాని ఐసీయూ నర్సు హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ మాస్టర్స్ చేయొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. ఆరేళ్ళు ఐసీయూలో నర్సుగా చేశారు, కోడింగ్ అస్సలు రాదు, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (ఆస్పత్రి డేటాని కంప్యూటర్లలో సరిగ్గా నడిపే చదువు) లో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నారు, ఇంట్లో వాళ్ళేమో అదెందుకు, డేటా సైన్స్ చెయ్యి అంటున్నారు, పైగా డ్యూటీ మానకుండా చదవగలనా అని అడిగారు. నేను ల్యాబ్ టెక్నాలజిస్టుగా ఏడేళ్ళు చేసి ఈ కోర్సులోకి వెళ్ళా, బయటికొచ్చి పదకొండేళ్ళయింది, అప్పట్నుంచి ఆస్పత్రి సిస్టమ్స్ మధ్య డేటా కలిపే పనిలోనే ఉన్నా, స్టూడెంట్స్ ప్రాజెక్టులు కూడా చూస్తుంటా. కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిక పట్టండి.

చేయొచ్చు. కోడింగ్ గురించి మీకున్న భయం ఆరు నెలల్లో పోయేదే. కానీ ఐసీయూలో ఒక నంబర్ ఛార్ట్ మీదకి ఎలా ఎక్కుతుందో తెలియడం ఏ కోర్సులోనూ ఆరు నెలల్లో రాదు, అది మీ దగ్గర ఆల్రెడీ ఉంది. 6 గంటలకి చూసిన బీపీని పక్క బెడ్ దగ్గర గొడవవల్ల 6:40కి ఎంటర్ చేసి టైమ్ మాత్రం 6:00 అని పెట్టడం మీరు ఎన్నిసార్లు చేసుంటారు? డేటాబేస్ లో దానికి రెండు టైములుంటాయి, కొలిచింది ఒకటి, ఎక్కించింది ఒకటి. నర్సు కాని వాళ్ళు ఆ రెండో కాలమ్ తీసుకుని మోడల్ (డేటా చూసి అంచనా చెప్పే లెక్క) కట్టేస్తారు, పేషెంట్ కి బీపీ పడిపోయాక నలభై నిమిషాలపాటు ఎవరూ పట్టించుకోలేదనుకుంటారు. మీరు అలా అనుకోరు. ఈ డిగ్రీ మొత్తం నా దృష్టిలో ఇదేనండి, డేటా ఎక్కడ పుట్టింది, దారిలో దానికి ఏమైంది, చివర్లో చదివేవాడు దాన్ని ఏమనుకుంటాడు.

డేటా సైన్స్ తో తేడా కూడా అక్కడే ఉంది. డేటా సైన్స్ లో టేబుల్ మీ చేతికిచ్చి ఇప్పుడు చెయ్యి అంటారు, ఇక్కడ ఆ టేబుల్ ఎలా తయారైందో అదే సగం సిలబస్. పొటాషియం 7.2 అని ఒక రిజల్ట్ వచ్చిందనుకోండి, డేటా సైన్స్ కుర్రాడు అవుట్‌లయర్ (మిగతావాటికి మరీ దూరంగా ఉన్న నంబర్) అని తీసేస్తాడు లేదా అలాగే ఉంచేస్తాడు, ల్యాబ్ లో పనిచేసినవాళ్ళు ముందు అడిగేది శాంపిల్ హీమోలైజ్ అయిందా అని, ఎందుకంటే ఎర్ర కణాలు పగిలితే లోపలి పొటాషియం బయటికొచ్చి రిజల్ట్ ఉత్తినే పెరుగుతుంది, ఆ విషయం రిజల్ట్ పక్కన కామెంట్ లో ఉంటుంది, డేటా తీసేటప్పుడు ఆ కామెంట్ కాలమ్ ని వదిలేస్తారు. మీకు లెక్కలంటే పిచ్చి ఉండి, మోడల్స్ కట్టడమే జీవితం అనుకుంటే డేటా సైన్స్ కి వెళ్ళండి, తప్పులేదు. కానీ ఆరేళ్ళ ఐసీయూని పక్కన పడేసి ఇరవై రెండేళ్ళ ఇంజినీర్లతో కోడింగ్ లో పోటీకి దిగడం నాకైతే దండగ అనిపిస్తుంది.

పేర్ల గందరగోళం ఒకటుంది, అది తొందరగా చెప్పేస్తా. బయోఇన్ఫర్మాటిక్స్ అంటే జీనోమ్, ప్రొటీన్ల వైపు, మీకు సంబంధం లేదు. హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అంటే రికార్డులు, డయాగ్నసిస్ లకి కోడ్ నంబర్లు వేయడం, వాటి నియమాలు. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ ఈ రెండిటికీ వేరు, కానీ యూనివర్సిటీలు పేర్లు ఇష్టమొచ్చినట్టు పెడతాయి, పేరు చూడకుండా సబ్జెక్టుల లిస్టు తెరిచి చూడండి.

ఇక లోపల ఏముంటుందంటే. డేటాబేస్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ లోంచి కావాల్సింది అడిగి తీసే భాష), స్టాటిస్టిక్స్, ప్రైవసీ, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇవి అన్నిచోట్లా ఉంటాయి. చాలామంది బోర్ కొట్టి నిద్రపోయేది, తర్వాత ఉద్యోగంలో ఏడ్చేది స్టాండర్డ్స్ క్లాసు. దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తా.

ఆస్పత్రిలో ల్యాబ్ సిస్టమ్ వేరు, వార్డు సిస్టమ్ వేరు, ఫార్మసీ వేరు, ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కావాలంటే ఒక ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందాలు రాసే సంస్థ హెచ్ఎల్ 7, 1987లో మొదలైంది. వాళ్ళ వెర్షన్ 2 మెసేజ్ మొదటిసారి చూస్తే భయమేస్తుంది, నిలువు గీతల మధ్య ముక్కలు ముక్కలుగా టెక్స్ట్ ఉంటుంది, పీఐడీ అని మొదలయ్యే లైన్ లో పేషెంట్ వివరాలు, ఓబీఎక్స్ అని మొదలయ్యే లైన్ లో రిజల్ట్. పాతదే కానీ ఇప్పటికీ ఎన్నో ఆస్పత్రులు దీనిమీదే నడుస్తున్నాయి. 2011లో గ్రహామ్ గ్రీవ్ అనే ఆస్ట్రేలియన్ మొదలెట్టిన ఫైర్ (FHIR) అనే కొత్త స్టాండర్డ్ వెబ్ పద్ధతిలో ఉంటుంది, నేర్చుకోవడం తేలిక, అందుకని కొన్ని కోర్సుల్లో అదొక్కటే చెప్పి వదిలేస్తున్నారు. రెండూ నేర్చుకోండి.

ఈ కోర్సు అయ్యాక నా మొదటి ఉద్యోగంలో జరిగింది చెప్తా. ఓబీఎక్స్ లైన్ లో 11వ ఫీల్డ్ ఒకటుంటుంది, రిజల్ట్ స్టేటస్, ఎఫ్ అంటే ఫైనల్, సీ అంటే సరిదిద్దిన రిజల్ట్. నేను టెస్టింగ్ చేసేటప్పుడు ఎఫ్ వి మాత్రమే చూశా, సీ తో వచ్చేవి పాతదాన్ని మార్చాలి కదా, మా సెటప్ లో అవి పాతదాని కింద ఇంకో కొత్త రిజల్ట్ లా చేరాయి. అంటే ఒకే శాంపిల్ కి రెండు హీమోగ్లోబిన్లు, ఒకటి తప్పు, ఒకటి కరెక్ట్, ఏది ఏదో స్క్రీన్ మీద తెలీదు. లైవ్ లోకి వెళ్ళకముందే ఒక నర్సు పట్టుకుంది, ఇదేంటి పది నిమిషాల్లో హీమోగ్లోబిన్ ఇలా మారుతుందా అని. ఏడేళ్ళు ల్యాబ్ లో కరెక్టెడ్ రిపోర్టులు నా చేత్తో పంపినవాణ్ణి, నాకే తట్టలేదు. ఆరోజు సిగ్గుతో చచ్చిపోయా, ఇప్పుడు ఏ స్టూడెంట్ వచ్చినా మొదటి క్లాసులో ఇదే చెప్తా.

మెసేజ్ రూపం ఒక ఎత్తు, అందులో మాటలకి అర్థం ఇంకో ఎత్తు. షుగర్ టెస్టే తీసుకోండి. ల్యాబ్ టెస్టులకి ఒక్కోదానికి ఒక్కో కోడ్ ఇచ్చే లాయింక్ అనే పట్టిక ఉంది, రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1994లో మొదలెట్టారు. అందులో సీరమ్ లేదా ప్లాస్మాలో గ్లూకోజ్, మిల్లీగ్రాముల లెక్కన కొలిస్తే 2345-7, అదే మిల్లీమోల్స్ లెక్కన అయితే 14749-6, మొత్తం రక్తంలో కొలిస్తే 2339-0, వేలు గుచ్చి గ్లూకోమీటర్ తో చూసినదానికి మళ్ళీ వేరే కోడ్. ఏంట్రా ఇన్ని అనిపిస్తుంది. కానీ మీకు తెలుసు కదా, షాక్ లో ఉన్న పేషెంట్ వేలు చల్లబడ్డప్పుడు గ్లూకోమీటర్ రీడింగ్ ని మీరు నమ్మరు, ల్యాబ్ కి పంపిస్తారు. ఆ తేడానే అక్కడ కోడ్ రూపంలో ఉంది. మా బ్యాచ్ లో ఒక టీమ్ రెండు చోట్ల డేటా కలిపింది, ఒకచోట మిల్లీగ్రాములు ఒకచోట మిల్లీమోల్స్, గ్లూకోజ్ కి మధ్యలో 18 తో గుణించాలి, వాళ్ళు గుణించకుండా యావరేజ్ తీసి సగం మంది హైపోగ్లైసీమియాలో (షుగర్ మరీ పడిపోయి) ఉన్నారని ప్రెజెంటేషన్ ఇచ్చారు! 5.5 చూసి వార్డులో పనిచేసినవాళ్ళెవరైనా యూనిట్ ఏంటి అని అడుగుతారు, ఆ టీమ్ లో ఒక్కరూ వార్డు మొహం చూసినవాళ్ళు కాదు.

డయాగ్నసిస్ లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ ఐసీడీ అనే జబ్బుల కోడ్ల పట్టిక ఉంది, పదకొండో వెర్షన్ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది కానీ దేశాలు నెమ్మదిగా మారుతున్నాయి. డాక్టర్ నోట్స్ లో ఉండే సూక్ష్మమైన అర్థాలకి స్నోమెడ్ సీటీ అనే వైద్య పదాల పట్టిక, అందులో మూడున్నర లక్షలకు పైగా కాన్సెప్ట్‌లు. ఇవి బట్టీ పట్టేవి కావు, ఐసీడీ లెక్కపెట్టడానికి, స్నోమెడ్ వివరంగా రాసుకోవడానికి అనే తేడా బుర్రకెక్కితే చాలు.

కోడింగ్ కి వస్తే, ఎస్‌క్యూఎల్ ముందు, పైథాన్ తర్వాత, ఈ వరస మార్చకండి. ఎస్‌క్యూఎల్ లో జాయిన్ అనేది అర్థమైతే మొదటి సెమిస్టర్ గడిచిపోతుంది, రెండు టేబుల్స్ ని పేషెంట్ నంబర్ తో కలపడమే అది, మీరు షిఫ్ట్ హ్యాండోవర్ లో మందుల షీట్ ఒక చేత్తో, ల్యాబ్ రిపోర్ట్ ఒక చేత్తో పట్టుకుని బెడ్ నంబర్ చూసి కలిపి చెప్తారు చూడండి, అదే పని. ఎక్కడ దెబ్బ తింటారంటే, ఒక పేషెంట్ కి మూడు అడ్మిషన్లు, పది ల్యాబ్ రిజల్ట్స్ ఉన్నప్పుడు ఊరికే పేషెంట్ నంబర్ తో కలిపితే ముప్పై లైన్లు పుట్టుకొస్తాయి, లెక్కలన్నీ ఉబ్బిపోతాయి, ఎర్రర్ మాత్రం రాదు. రోజుకి గంట చొప్పున మూడు నెలలు పెడితే ఇది వస్తుంది. నాకు నాలుగు నెలలు పట్టింది, నేను మొద్దుని.

స్టాటిస్టిక్స్ ని మాత్రం తక్కువ అంచనా వేయకండి, నర్సింగ్ నుంచి వచ్చినవాళ్ళు కోడింగ్ కి భయపడి అసలు దెబ్బ ఇక్కడ తింటారు. ఒక చిన్న లెక్క చూడండి. 1000 మంది పేషెంట్లలో 20 మందికి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్ళంతా దెబ్బతినే స్థితి) ఉందనుకుందాం. ఉన్నవాళ్ళలో 90 శాతాన్ని పట్టుకునే, లేనివాళ్ళలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేసే అలారం పెట్టారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా. 20 లో 18 మందికి మోగుతుంది, మిగతా 980 లో 98 మందికి కూడా మోగుతుంది. అంటే 116 సార్లు మోగితే నిజమైనవి 18, వందకి పదహారు కూడా లేవు. ఆ మిగతా 98 సార్లు బెడ్ దగ్గరికి పరిగెత్తేది మీరే. ఈ లెక్క పేపర్ మీద చేయగలిగితే క్లాసులో సగం మందికన్నా ముందుంటారు.

ఇదేదో పుస్తకాల్లో ఊహ అనుకోకండి. అప్పట్లో చాలా ఆస్పత్రుల్లో వాడుతున్న ఒక సెప్సిస్ మోడల్ ని మిచిగాన్ యూనివర్సిటీ వాళ్ళు సొంతంగా పరీక్షించి 2021లో జామా ఇంటర్నల్ మెడిసిన్ లో రాశారు, తయారుచేసినవాళ్ళు చెప్పిన ఏయూసీ (మోడల్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే స్కోరు, 1 అయితే పర్ఫెక్ట్, 0.5 అయితే బొమ్మాబొరుసే) 0.76 నుంచి 0.83, వీళ్ళకి వచ్చింది 0.63, సెప్సిస్ వచ్చినవాళ్ళలో మూడింట రెండొంతుల మందిని అది పట్టుకోలేదు. 2019లో సైన్స్ పత్రికలో ఓబర్‌మేయర్ బృందం రాసింది ఇంకో రకం. ఎవరికి అదనపు కేర్ కావాలో చెప్పే అల్గారిథమ్, జబ్బు తీవ్రతకి బదులు ఆ మనిషి మీద అయిన ఖర్చుని అంచనా వేసేది, నల్లజాతి పేషెంట్ల మీద అయ్యే ఖర్చే తక్కువ కాబట్టి వాళ్ళు అదే స్కోరుకి తెల్లవాళ్ళకన్నా ఎక్కువ జబ్బుతో ఉండేవారు. అల్గారిథమ్ లెక్క తప్పలేదు, అడిగిన ప్రశ్నే తప్పు. ఈ రెండు పేపర్లు అడ్మిషన్ కి ముందే చదవండి, అర్థంకాని చోట గుర్తు పెట్టుకోండి, రెండో సెమిస్టర్ లో మళ్ళీ తీయండి.

వర్క్‌ఫ్లో (పని ఏ వరసలో, ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో చూసే) క్లాసు కూడా ఉంటుంది, ఇంజినీర్లు దాన్ని సోది అంటారు. వాళ్ళకి నేను చెప్పే కథ ఇది. పిట్స్‌బర్గ్ లో పిల్లల ఆస్పత్రిలో డాక్టర్లు ఆర్డర్లు కంప్యూటర్ లోనే పెట్టే సిస్టమ్ తెచ్చారు, ప్రత్యేక చికిత్స కోసం బయటినుంచి తరలించిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి వెళ్ళాయని 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో అక్కడివాళ్ళే రాశారు. అంతకుముందు బిడ్డ దారిలో ఉండగానే మందులు రెడీ చేసేవారు, కొత్త సిస్టమ్ లో బిడ్డ వచ్చి రిజిస్టర్ అయితేగానీ ఆర్డర్ పెట్టనివ్వలేదు, పైగా మందులన్నీ సెంట్రల్ ఫార్మసీకి మార్చారు. తర్వాత సియాటిల్ లో ఇంకో పిల్లల ఆస్పత్రి అదే సాఫ్ట్‌వేర్ పెట్టింది, వీళ్ళ అనుభవం చూసి ముందే ఆర్డర్ సెట్లు (కలిపి పెట్టాల్సిన ఆర్డర్ల రెడీమేడ్ లిస్టులు) తయారుచేసుకుంది, అక్కడ పిల్లల ఐసీయూలో మరణాలు పెరగలేదు, 2006లో అదీ అదే పత్రికలో వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఒకటే మరి. మీరు ఐసీయూలో ఉన్నారు కాబట్టి ఈ రెండు పేపర్లలో మీకు కనపడేవి నాకు కూడా కనపడవు.

కోర్సు ఎలా ఎంచుకోవాలి అంటే ర్యాంకింగ్ కన్నా ముందు ఒకటే అడగండి, చివర్లో చేసే ప్రాజెక్ట్ నిజమైన ఆస్పత్రిలోనా, లేక క్లాసులో పవర్‌పాయింటా? గత రెండు బ్యాచ్‌ల ప్రాజెక్ట్ టైటిల్స్ పంపమనండి. 'హెల్త్ కేర్ లో ఏఐ పాత్ర' లాంటి టైటిల్స్ కనపడితే పక్కకి జరగండి, 'ఫలానా వార్డులో డిశ్చార్జ్ మందుల లిస్టు తప్పుల తగ్గింపు' లాంటివి కనపడితే అక్కడ పని జరుగుతోందని అర్థం. చెప్పేవాళ్ళలో క్లినికల్ సైడ్ నుంచి ఎవరైనా ఉన్నారా, ఇంకా ఆస్పత్రి పని చేస్తున్నారా అనేది కూడా చూడండి. అమెరికాలో చదివేటట్టయితే ఇలాంటి కోర్సుల్ని పరిశీలించే కాహీమ్ అనే సంస్థ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే థీసిస్ ఉన్న కోర్సు, లేకపోతే ప్రాక్టికమ్ (నిజమైన చోట పనిచేస్తూ నేర్చుకోవడం) ఉన్నదే మేలు.

డ్యూటీ చేస్తూ చదవడం గురించి అబద్ధం చెప్పను. నైట్ షిఫ్ట్‌లతో ఫుల్‌టైమ్ కోర్సు నావల్ల కాలేదు, ఒక సెమిస్టర్ చేసి పార్ట్‌టైమ్ కి మారా, రెండేళ్ళది మూడేళ్ళయింది. సెమిస్టర్ కి రెండు సబ్జెక్టులు, అందులో ఒకటే కష్టమైనది, అలా పెట్టుకుంటే బతకొచ్చు. డేటాబేస్, స్టాటిస్టిక్స్ ఒకేసారి తీసుకోవద్దు, నేను తీసుకున్నా, స్టాట్స్ మిడ్‌టర్మ్ లో వచ్చిన మార్కులు ఇక్కడ రాయలేను.

ప్రైవసీ గురించి ఒక హెచ్చరిక, ఎందుకంటే పనిచేసే చోటే చదువుకునేవాళ్ళు ఈ తప్పు చేస్తారు. ప్రాజెక్ట్ కోసమని మీ వార్డు డేటా పెన్‌డ్రైవ్ లో ఎక్కించుకోవడం, స్క్రీన్ ఫోటో తీసుకోవడం అస్సలు వద్దు, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ లేకుండా ఒక్క లైన్ కూడా. పేరు తీసేశాం కదా అనకండి. లటాన్యా స్వీనీ అనే ఆవిడ అమెరికా జనాభా లెక్కలు తీసుకుని, పిన్‌కోడ్, పుట్టిన తేదీ, లింగం ఈ మూడూ ఉంటే చాలు 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని లెక్కకట్టి చూపించింది. ఐసీయూలో అయితే అరుదైన జబ్బు ఒక్కటే చాలు.

ప్రాక్టీస్ కి ఎవరి డేటా దొంగిలించాల్సిన పనిలేదు. సింథియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లేని పేషెంట్లని పుట్టిస్తుంది, ఫైర్ రూపంలోనే ఇస్తుంది. నిజమైన ఐసీయూ డేటా కావాలంటే ఎంఐటీ వాళ్ళ మిమిక్ ఉంది, మొత్తం కావాలంటే ఒక ట్రైనింగ్ పూర్తిచేసి ఒప్పందం మీద సంతకం పెట్టాలి, వంద మంది పేషెంట్ల డెమో మాత్రం ఎవరైనా దింపుకోవచ్చు. మిమిక్ మూడో వెర్షన్ లో వయసు లెక్కగట్టినప్పుడు కొందరికి 300 ఏళ్ళు దాటి వస్తుంది, కంగారుపడకండి, 89 దాటినవాళ్ళని గుర్తుపట్టకుండా కావాలనే పుట్టిన తేదీ వెనక్కి జరిపారు. నేను చూసిన ఒక స్టూడెంట్ వాళ్ళని తప్పు డేటా అని మొత్తం డిలీట్ చేసి, వృద్ధుల్లో ఐసీయూ మరణాలు అని ప్రాజెక్ట్ ఇచ్చాడు. అసలైన వృద్ధులే అందులో లేరు.

ఉద్యోగాలు రకరకాల పేర్లతో ఉంటాయి, క్లినికల్ ఇన్ఫర్మాటిక్స్ నర్స్, ఇంటర్‌ఫేస్ ఎనలిస్ట్, టెర్మినాలజీ, ఇంప్లిమెంటేషన్, క్వాలిటీ డేటా. మొదటి ఉద్యోగం చాలామందికి కొత్త సిస్టమ్ పెట్టే టీమ్ లో దొరుకుతుంది, అందులో గో లైవ్ (సిస్టమ్ నిజంగా వాడకంలోకి వచ్చే) రోజుల్లో నిద్రుండదు, మీకది అలవాటే.

అప్లికేషన్ కి ముందు ఒక పని చేయండి. వచ్చే డ్యూటీలో ఏదో ఒక నంబర్ పట్టుకోండి, యూరిన్ అవుట్‌పుటే అనుకోండి. ఎవరు కొలిచారు, ఎప్పుడు రాశారు, ముందు కాగితం మీదా నేరుగా సిస్టమ్ లోనా, గంటకోసారా లేక షిఫ్ట్ చివర్లో అన్నీ కలిపా, డాక్టర్ దాన్ని ఏ స్క్రీన్ లో చూస్తారు, ఇరవై నాలుగు గంటల టోటల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది. పేషెంట్ వివరాలేవీ లేకుండా ఒక పేజీ రాయండి. ఎస్ఓపీలో (ఈ కోర్సు ఎందుకు చేస్తున్నారో చెప్తూ అప్లికేషన్ తో ఇచ్చే వ్యాసం) అదే పెట్టండి, 'చిన్నప్పట్నుంచి నాకు టెక్నాలజీ అంటే ఇష్టం' అనే మొదటి లైన్ మాత్రం దయచేసి వద్దు, అలాంటివి లెక్కలేనన్ని చదివా.